నచ్చనిది ఏమీ లేదని రాసి వెళ్లిపోయాడు

పోయిన నెల మా టీమ్‌లోంచి ఒక అబ్బాయి వెళ్లిపోయాడు. నాలుగేళ్లు పనిచేశాడు. వెళ్లేముందు హెచ్చార్ వాళ్లిచ్చే ఫారం నింపాడు. అందులో రెండు గడులుంటాయి: కంపెనీలో మీకు నచ్చినవేమిటి, నచ్చనివేమిటి. టీమ్ లీడ్‌ని కాబట్టి దాని కాపీ నాకూ వచ్చింది. మొదటి గడిలో "టీమ్ మంచిది, చాలా నేర్చుకున్నాను" అని రాశాడు. రెండో గడిలో "చెప్పుకోదగ్గవి ఏమీ లేవు" అని రాశాడు.

అది నిజం కాదని నాకు తెలుసు. ఎందుకు వెళ్లిపోయాడో తెలుసు. ఏ వారంలో అతని మనసు విరిగిందో కూడా చెప్పగలను. అప్పుడు అతనికి ఎదురుగా ఉన్నది నేనే.

ఆ ఫారం చదివినప్పటినుంచి ఈ నచ్చినవీ నచ్చనివీ సంగతి నన్ను వదలడం లేదు. పధ్నాలుగేళ్లలో రెండుసార్లు కంపెనీ మారాను, రెండుసార్లూ ఇలాంటి ఫారాలు నింపాను. గత ఆరేళ్లుగా ఇతరులు నింపినవి చదువుతున్నాను. చదివినకొద్దీ ఒక అభిప్రాయం గట్టిపడింది. పని ఎక్కువైనా, జీతం తక్కువైనా, బాస్ కోపిష్టివాడైనా మనుషులు మనం అనుకునేదానికంటే చాలా ఓర్చుకుంటారు. ఓర్చుకోలేనిది ఒకటుంది. తమకు సంబంధించిన నిర్ణయం ఎక్కడో జరిగిపోవడం, ఎందుకని అడిగితే చెప్పే నాథుడు లేకపోవడం. ఫారంలో దానికి గడి లేదు. ఉన్నా ఎవరూ రాయరేమో.

ఆ స్క్రిప్టు

మా టీమ్‌లో రోజూ రాత్రి కొన్ని రిపోర్టులు తయారై, పొద్దున్నకల్లా క్లయింటుకి చేరాలి. ఎక్కడ లెక్క తప్పినా పొద్దున్నే ఎస్కలేషన్, అంటే పైవాళ్లకు ఫిర్యాదు. అందుకని ఎవరో ఒకరు తెల్లవారుజామున లేచి అన్నీ సరిచూడాల్సిందే. ఈ అబ్బాయి తనంతట తానే మూడు వారాంతాలు కూర్చుని, ఆ తప్పుల్ని ముందే పట్టుకునే స్క్రిప్టు, అంటే చిన్న కంప్యూటర్ ప్రోగ్రాం, ఒకటి రాశాడు. ఎవరూ అడగలేదు. డెమో ఇచ్చిన రోజు గది చివర కూర్చున్నవాళ్లు కూడా లేచి స్క్రీన్ దగ్గరికొచ్చారు. పాత రిపోర్టు ఒకదాని మీద దాన్ని నడిపించాడు. మేం రెండు రోజులు తలలు పట్టుకుని వెతికిన తప్పు అందులో రెండు నిమిషాలకే ఎర్రగా కనబడింది.

పదిరోజుల తర్వాత పైనుంచి ఒక్క వాక్యంతో మెయిల్ వచ్చింది: "ప్రస్తుతానికి దీన్ని పక్కన పెడదాం." కారణం లేదు. అతను నా దగ్గరికొచ్చి "ఏమైందక్కా, అందులో ఏమైనా తప్పుందా?" అని అడిగాడు. "పైనుంచి వచ్చింది, నాకూ తెలీదు" అన్నాను. వారం తర్వాత మళ్లీ అడిగాడు. "కనుక్కుంటాను" అన్నాను. కనుక్కోలేదు. క్వార్టర్ చివరి హడావిడి, ఊపిరాడని టెన్షన్. ఈ చిన్న విషయానికి పైవాళ్లని కదిలించడం ఎందుకులే అనుకున్నాను. మూడోసారి అతను అడగలేదు.

తర్వాత పైకి ఏ మార్పూ కనబడలేదు. పని ఆపలేదు, ఆలస్యంగా రాలేదు, ఎదురు మాట్లాడలేదు. మీటింగుల్లో ఎప్పటిలాగే నోట్‌బుక్ తెరిచి పెట్టుకునేవాడు. పెన్ను పక్కనే ఉండేది. దాని మూత తీసేవాడు కాదు. అంతకుముందు పేజీలకు పేజీలు రాసుకున్న మనిషి. ఒకసారి గంటన్నర మీటింగులో ఆ మూత వంక చూస్తూ కూర్చున్నాను. ఏం జరిగిందో నాకప్పుడు అర్థమైంది. అయినా ఏమీ చేయలేదు. ఎనిమిది నెలలకు రాజీనామా పెట్టాడు. మంచి ఆఫర్ వచ్చిందన్నాడు. వచ్చిన మాట నిజమే. వెతకడం ఎప్పుడు మొదలుపెట్టాడో కూడా నాకు తెలుసు.

రెండు గడుల లెక్క

ఇలా విడివిడిగా అడగడం కొత్త పద్ధతేమీ కాదు. 1950లలో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ సైకాలజిస్టు, ఆయనతో పనిచేసినవాళ్లు పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజనీర్లతో, అకౌంటెంట్లతో మాట్లాడారు. ఉద్యోగంలో మీకు బాగా సంతోషం కలిగిన సందర్భం చెప్పండి, బాగా బాధ కలిగిన సందర్భం చెప్పండి అని అడిగారు. 1959లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. సంతోషం దగ్గర సాధించిన పని, దక్కిన గుర్తింపు, పనిలో ఆసక్తి, చేతికొచ్చిన బాధ్యత ఎక్కువగా వినబడ్డాయి. బాధ దగ్గర కంపెనీ పద్ధతులు, పైవాళ్ల అజమాయిషీ, జీతం, పనిచేసే పరిస్థితులు వినబడ్డాయి. కాబట్టి తృప్తికీ అసంతృప్తికీ కొలబద్దలే వేరు అని హెర్జ్‌బర్గ్ తేల్చాడు. కుర్చీ విరిగి ఉంటే విసుగొస్తుంది. మంచి కుర్చీ ఇచ్చినంత మాత్రాన పని మీద ప్రేమ పుట్టదు.

నేను చదివిన ఫారాలన్నీ ఈ లెక్కకు అచ్చుగుద్దినట్టు సరిపోతాయి. నచ్చినవి అంటే టీమ్, నేర్చుకోవడం, ఫ్రీడమ్. నచ్చనివి అంటే మేనేజ్‌మెంట్, అప్రైజల్, పాలసీలు. ఎవరు రాసినా అవే మాటలు.

అయితే హెర్జ్‌బర్గ్ మీద మొదటినుంచీ ఒక అభ్యంతరం ఉంది. విక్టర్ వ్రూమ్ లాంటి పరిశోధకులు 1960లలోనే అడిగారు: మంచి జరిగితే మన ప్రతిభ అనుకోవడం, చెడు జరిగితే చుట్టూ ఉన్నవాళ్ల మీదకు నెట్టడం మనిషి స్వభావం కదా, మరి ఆ జాబితాలు ఉద్యోగాల గురించి చెబుతున్నాయా, మనం కథ చెప్పుకునే తీరు గురించి చెబుతున్నాయా? ఈ ప్రశ్న నాకు చాలా న్యాయంగా అనిపిస్తుంది. ఎందుకంటే నేను రాసిన ఫారాలు నాకు గుర్తున్నాయి.

మొదటి కంపెనీ వదిలినప్పుడు నచ్చనివి అన్నచోట "గ్రోత్ లేదు" అని రాశాను. జరిగింది వేరు. నాలుగు నెలలుగా ప్రాణం పెట్టి చేస్తున్న ప్రాజెక్టులోంచి ఒక శుక్రవారం సాయంత్రం ఫోన్ చేసి తీసేశారు. "సోమవారం నుంచి ఆ టీమ్‌లో కూర్చో" అన్నారు. ఎందుకని అడిగితే "బిజినెస్ అవసరం" అన్నారు. కొత్త టీమ్ మంచిదే. అక్కడ నేర్చుకున్నదీ ఎక్కువే. గ్రోత్ ఉందనే చెప్పాలి. కానీ ఆ ఫోన్ ఆరు నిమిషాలకే అయిపోయింది, అందులో నేను మాట్లాడింది రెండే మాటలు. దాన్ని ఫారంలో ఎలా రాస్తాం? మర్యాదగా ఉండే మాట ఒకటి వెతుక్కుని రాశాను. అందరూ అదే చేస్తారని ఇప్పుడు తెలుస్తోంది.

పైగా ఆ ఫారం నింపే సమయానికి రిలీవింగ్ లెటర్ ఇంకా చేతికి రాదు. రేపు ఇంకో కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తే ఫోన్ వచ్చేది వీళ్లకే. ఉన్నది ఉన్నట్టు రాస్తే నష్టం నాకు, లాభం నేను ఇక చూడబోని మనుషులకు. ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో దీన్ని చక్కగా విడదీసి చెప్పాడు. ఒక సంస్థ చెడుతుంటే అందులోని మనిషికి రెండు దారులు: నోరు విప్పడం, వెళ్లిపోవడం. ఎగ్జిట్ ఫారంలో మనం వెళ్లిపోతున్న మనిషిని నోరు విప్పమంటున్నాం. అతను నోరు విప్పిన రోజులు అప్పటికే గడిచిపోయాయి. మా అబ్బాయి విషయంలో ఆ రోజులు రెండు. రెండుసార్లూ నా దగ్గరికే వచ్చాడు.

జీతం సంగతేమిటి

ఈ మాటలు ఒక సహోద్యోగితో అంటే ఆయన ఒప్పుకోలేదు. "ఇవన్నీ కడుపు నిండినవాళ్ల మాటలండీ. జీతం రెట్టింపు చేసి చూడండి, ఎందుకు అని ఒక్కడూ అడగడు" అన్నారు. ఆయన మాటను కొట్టిపారేయలేను. 1913లో ఫోర్డ్ కంపెనీ కార్ల ఫ్యాక్టరీలో మనుషులు నిలిచేవాళ్లు కాదు. ఏడాదిలో మానేసేవాళ్ల రేటు 370 శాతం. సుమారు 14 వేల మంది ఎప్పుడూ పనిలో ఉండాలంటే ఆ ఏడాది 50 వేలకు పైగా మందిని చేర్చుకోవాల్సి వచ్చింది. 1914 జనవరిలో రోజుకూలిని ఒక్కసారిగా రెట్టింపుకు పైగా పెంచి 5 డాలర్లు చేశారు, పని తొమ్మిది గంటల నుంచి ఎనిమిదికి తగ్గించారు. మానేసేవాళ్ల సంఖ్య అమాంతం పడిపోయింది. మరమనిషిలా ఒకే కదలికను రోజంతా చేసే ఆ పని మాత్రం మారలేదు. అంటే డబ్బు చాలా ఓర్పును కొనగలదు. నెలాఖరుకి చేతిలో ఏమీ మిగలని మనిషికి నా వాదన వినిపించే ధైర్యం నాకు లేదు.

కానీ డబ్బు విషయంలోనే ఇంకో ప్రయోగం ఉంది. జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ అనే పరిశోధకుడు 1990లో అచ్చువేశాడు. ఒకే కంపెనీకి చెందిన ఫ్యాక్టరీల్లో, కాంట్రాక్టులు పోవడం వల్ల రెండుచోట్ల పది వారాల పాటు జీతాల్లో 15 శాతం కోత పెట్టాల్సి వచ్చింది. ఒకచోట గంటన్నర కూర్చోబెట్టి, లెక్కలు చూపించి, ఎవరినీ తీసేయకుండా ఉండటానికి ఇదే దారి అని చెప్పి, బాధపడుతున్నామని చెప్పి, అడిగినవాటికి జవాబిచ్చారు. రెండోచోట పావుగంటలో కోత సంగతి చెప్పి పంపేశారు. కోత రెండుచోట్లా ఒకటే. పావుగంటలో ముగించిన ఫ్యాక్టరీలో మాత్రం దొంగతనాలు బాగా పెరిగాయి. ఉద్యోగం వదిలినవాళ్లూ అక్కడే ఎక్కువ.

ఇది చదివినప్పుడు నాకు దొంగతనం సంగతి వింతగా అనిపించలేదు. సామాను ఎత్తుకెళ్లినవాళ్లు ఆ 15 శాతాన్నే తిరిగి తీసుకున్నారా, తమకు దక్కని ఆ గంటంబావు మాటలకు బదులు తీసుకున్నారా అనే ఆలోచన మాత్రం చాలా రోజులు తిరిగింది. మా దగ్గర ఎవరూ సామాన్లు ఎత్తుకెళ్లరు. పెన్ను మూత తీయడం మానేస్తారు.

నాకు రెండు కంపెనీల్లో రెండుసార్లు హైక్ రాలేదు. ఒకచోట పెద్ద క్లయింటు పోయింది, డైరెక్టర్ అందరినీ పిలిచి ఎంత పోయిందో, ఎన్నాళ్లు ఇలా ఉంటుందో అంకెలతో చెప్పారు. తిట్టుకున్నాను, ఇంకో రెండేళ్లు అక్కడే పనిచేశాను. ఇంకోచోట మేనేజర్ రేటింగ్ కాగితం నా ముందుకు జరిపి "నువ్వు బాగానే చేశావు, కర్వ్‌లో సర్దాలి కదా" అన్నారు. ఎంతమందికి ఏ రేటింగ్ ఇవ్వాలో ముందే కోటాలు ఉండే పద్ధతి అది. మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీ కూడా అలా బలవంతంగా ర్యాంకులు పంచే పద్ధతిని 2013లో వదిలేసింది.

ఇక్కడ నా వాదనకే ఒక చిక్కుముడి పడుతుంది. ఆ మేనేజర్ నాకు అబద్ధం చెప్పలేదు. కారణం చెప్పారు. మరి నేనెందుకు అంత కుంగిపోయాను? చాలా ఆలోచించాక అర్థమైంది ఇది: ఆ కారణంలో నేను లేను. నా పని లేదు. నేను ఇంకెలా చేసి ఉంటే వేరేగా ఉండేదో లేదు. అలాంటి కారణం వినడం కంటే వినకపోవడమే మేలనిపించింది.

కళ్లెం ఎవరి చేతిలో

లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల మీద 1967లో ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. 17 వేలకు పైగా మగ ఉద్యోగుల ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించారు. పెద్ద బాధ్యతలున్న అధికారులకే గుండెపోట్లు ఎక్కువని అంతవరకూ అందరి నమ్మకం. లెక్క తిరగబడింది. కింది గ్రేడుల్లో ఉన్నవాళ్లే గుండె జబ్బులతో ఎక్కువగా చనిపోయారు. పొగతాగడం లాంటివి కలిపి చూసినా తేడా పూర్తిగా చెరగలేదు. 1985లో మొదలైన రెండో విడతలో ఆడవాళ్లనూ చేర్చి 10 వేలకు పైగా మందిని చూశారు. తమ పని మీద తమకు పట్టు తక్కువని చెప్పినవాళ్లలో గుండె జబ్బు ముప్పు ఎక్కువగా కనబడింది. అంతకుముందే, 1979లో, రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు ఇలాంటి మాటే అన్నాడు: పని ఒత్తిడి ఎక్కువగా ఉండి, దాన్ని ఎలా చేయాలో తేల్చుకునే వీలు లేకపోతే మనిషి నలిగిపోతాడు.

వీటిలో చాలావరకు కలిసి కనిపించే సంబంధాలే, ఒకదానివల్లే ఒకటి జరిగిందని గీత గీసి చెప్పలేం. అయినా నాకు తెలిసిన జీవితంతో ఇది కలుస్తుంది. అర్ధరాత్రి దాకా కూర్చుని మేం ఇష్టంగా పూర్తిచేసిన పనులున్నాయి. గంటలో అయిపోయేదైనా, ఎందుకో చెప్పకుండా మూడుసార్లు తిరగరాయించిన డాక్యుమెంట్ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అందరికీ ఇది కావాలా అంటే, కాదేమో. మా ఫ్లోర్‌లో ఒక పెద్దాయన ఉన్నారు. "నాకీ చర్చలు వద్దమ్మా, ఆరింటికి వదిలేస్తే చాలు" అంటారు. ఆయన కోరిక నాకు గౌరవంగా అనిపిస్తుంది. ఉద్యోగం అంటే జీవితం మొత్తం అనుకోనక్కర్లేదు. కానీ ఒకసారి ఆయన షిఫ్టు చెప్పాపెట్టకుండా మార్చారు. కొత్త షిఫ్టు కూడా ఆరింటికే అయిపోతుంది. ఆ రోజు ఆయన గొంతు ఫ్లోర్ అంతా వినబడింది. "అడిగితే నేనే ఒప్పుకునేవాణ్ణి కదా" అనే మాట నాలుగైదుసార్లు అన్నారు.

మంచి మాటల భయం

నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టే సందేహం వేరే ఉంది. కారణం చెబితే చాలు అంటే, కంపెనీలు కారణాలు చెప్పడం నేర్చుకుంటాయి. నేర్చుకున్నాయి కూడా. కొంతమందిని తీసేస్తున్నామని చెప్పడానికి పెట్టిన ఒక కాల్‌లో నేనున్నాను. మార్కెట్ పరిస్థితి, లెక్కలు, "మనమంతా ఒక కుటుంబం" అన్న మాట, గొంతులో బాధ, అన్నీ ఉన్నాయి. గ్రీన్‌బర్గ్ చెప్పిన మొదటి ఫ్యాక్టరీలో ఉన్నవన్నీ ఉన్నాయి. అప్పుడొక అమ్మాయి మైక్ ఆన్ చేసి అడిగింది: "మేం ఏదైనా చెబితే ఇందులో మారేది ఉందా సర్, లేక వినిపించడానికే పిలిచారా?" కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత "మంచి ప్రశ్న" అన్నారు. దానికి జవాబు రాలేదు.

ఆ అమ్మాయి అడిగింది నా వాదనలో ఉన్న వెలితి. కారణం చెప్పడం ఒక ఎత్తు. విన్న మనిషి తిరిగి ఒక మాటంటే అది ఎక్కడికైనా చేరుతుందా అన్నది ఇంకో ఎత్తు. రెండోది లేకపోతే మొదటిది ఉపన్యాసమే. ఆస్పత్రుల్లో మందుల పొరపాట్ల మీద ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో చేసిన పని ఇక్కడ గుర్తొస్తుంది. మంచి టీముల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆమె అనుకుంది. అంకెల్లో మంచి టీముల్లోనే ఎక్కువ కనబడ్డాయి. లోతుగా చూస్తే, అక్కడ భయం లేదు కాబట్టి జరిగినవి బయటికి చెబుతున్నారు. మిగతాచోట్ల దాచుకుంటున్నారు. మా ఎగ్జిట్ ఫారాల్లో "నచ్చనివి ఏమీ లేవు" అని చూసినప్పుడల్లా ఇప్పుడు నాకు ఆ దాచుకున్న టీములే కళ్లముందు కనబడుతున్నాయి.

అతను వెళ్లిపోయిన వారానికి, ఎప్పుడో అడగాల్సింది అప్పుడు అడిగాను. మేనేజర్‌ని పట్టుకుని ఆ స్క్రిప్టు ఎందుకు ఆపారని అడిగితే రెండు నిమిషాల్లో చెప్పారు. అప్పట్లో సెక్యూరిటీ ఆడిట్ జరుగుతోంది. క్లయింటు డేటాను తాకే కొత్త టూల్ ఏదైనా ఆడిట్ అయ్యేదాకా వద్దన్నారు. స్క్రిప్టులో తప్పేమీ లేదు. "బాగా రాశాడు" అన్నారు మేనేజర్.

ఆ సాయంత్రం ఆ అబ్బాయికి ఫోన్ చేశాను. చెప్పాను. నేను అడగలేదని, అడిగి ఉంటే అప్పుడే తెలిసేదని కూడా చెప్పాను. చాలాసేపు అవతలినుంచి ఏ శబ్దమూ లేదు. తర్వాత "అంతేనా అక్కా?" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బాగుండేది. కాసేపాగి "మరి ఆడిట్ అయిపోయిందా?" అని అడిగాడు. అయిపోయి చాలా నెలలైంది. అదే చెప్పాను.

స్క్రిప్టు ఇంకా మా టీమ్ కోడ్ దాచుకునే రిపాజిటరీలోనే ఉంది. చివరి మార్పు పక్కన అతని పేరే ఉంది. దాన్ని ఇప్పుడైనా నడపొచ్చా అని మర్నాడే పైకి మెయిల్ రాశాను. జవాబు రాలేదు. వారం తర్వాత మళ్లీ రాశాను. ఇవాళ మూడోసారి రాశాను.